తరిమెన కూత: టీకా తాత్పర్యం

బెల్టు తీసి ముందు వినవలె మోటారు
చేత కదురు తిప్పి చెవిని పెట్టు
కొయ్య లేకయైన కూత మానకయున్న
మరది తప్పు; కాక మనిషి తప్పు

ప్రతిపదార్థం: బెల్టు తీసి = మోటారు కప్పీని, కదురు కప్పీని కలిపే పట్టాను విప్పి; ముందు = తక్కిన భాగాలను అనుమానించక మునుపే; మోటారు వినవలె = మోటారు ఒక్కదాని చప్పుడే వినాలి; చేత = చేతితో (ప్లగ్గు పీకిన తర్వాత అని అధ్యాహారం); కదురు = హెడ్‌స్టాకులో తిరిగే ఇరుసు, అనగా స్పిండిల్; చెవిని పెట్టు = శ్రద్ధగా విను; కొయ్య లేకయైన = చెక్క బిగించకుండా తిప్పినా; కూత మానకయున్న = చప్పుడు ఆగకపోతే; మరది = మరకు చెందినది; తప్పు = దోషం; కాక = అట్లు కానిచో; మనిషి తప్పు = పనివాడి దోషం. నాలుగో పాదంలోని ‘మరది’కీ భర్త తమ్ముడికీ సంబంధం లేదు, అతడు లేతు అడిగి పట్టుకెళ్లి వాడి తెచ్చిన సందర్భంలో తప్ప.

తాత్పర్యం: కొయ్యను తరిమెన పట్టే యంత్రం, అనగా లేతు, వింతగా కూసినప్పుడు ఒక్కొక్క భాగాన్నే విడదీసి వినాలి. ఏది తీస్తే చప్పుడు ఆగిందో దోషం దానిదే.

టీక: లేతు కూయగానే ‘బేరింగు పోయింది’ అనడం లోకరీతి. కవి బేరింగు పేరైనా ఎత్తకుండా బెల్టుతో మొదలుపెట్టాడు. బేరింగును కంటితో చూడాలంటే కదురు మొత్తం ఊడదీయాలి. బెల్టు చేతికి వచ్చేస్తుంది. కాబట్టి ఇది ప్రాధాన్యక్రమం కాదు, లాఘవక్రమం.

బెల్టు లేకుండా తిరిగే మోటారు సన్నగా ఝుమ్మంటుంది. 50 హెర్ట్జ్ కరెంటు మీద ఆ ఝుంకారం సెకనుకు 100 కంపనాలది. అది స్వభావం, రోగం కాదు. సింగిల్ ఫేజ్ మోటారు వేగం అందుకుంటూ ఒకసారి, ఆగబోతూ ఒకసారి ‘టిక్’ మంటే అది లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్చు తన పని తాను చేయడమే. ఝుమ్మంటూ తిరగకపోతే మాత్రం కెపాసిటరో ఆ స్విచ్చో పోయినట్టు. వెంటనే ఆపకపోతే చుట్టలు కాలుతాయి. వెనక ఫ్యాను మూత సొట్టపడి రెక్కలకు తగిలినా చప్పుడు భయంకరంగానే ఉంటుంది. ఇంత తక్కువ జబ్బుకు ఇంత పెద్ద మూలుగు మరొకటి లేదు.

మోటారు నిర్దోషి అని తేలితే బెల్టు తగిలించి మళ్లీ వినాలి. నాలుగు పోళ్ల మోటారు నిమిషానికి సుమారు 1440 చుట్లు, అంటే సెకనుకు 24 చుట్లు తిరుగుతుంది. కప్పీని పట్టి ఉంచే గ్రబ్ స్క్రూ వదులై చుట్టుకొక దెబ్బ కొట్టినా అన్ని దెబ్బలను చెవి విడివిడిగా పట్టలేదు. అంతా కలిసి గరగర అవుతుంది. వేగం బాగా తగ్గిస్తే గరగర టకటకగా విడిపోతుంది. బెల్టు పొడవు కప్పీ చుట్టుకొలతకన్నా ఎక్కువ కనుక దాని దోషం చుట్టుచుట్టుకూ వినిపించదు. కప్పీ కొన్ని చుట్లు తిరిగాక ఒక ‘దబ్బు’, మళ్లీ కొన్ని చుట్లకు ఇంకొకటి వస్తే దోషి బెల్టే. నెలల తరబడి కదలని వి-బెల్టు కప్పీ వంపునే పట్టి ఉండిపోతుంది. కాసేపు తిరిగి వేడెక్కితే సర్దుకుంటుంది. ఉలి గట్టిగా ఆనించినప్పుడు కీచుమంటే బెల్టు జారుతోందని అర్థం.

రెండో పాదం బేరింగు పరీక్ష. బెల్టు తీసి కదురును చేత్తో మెల్లగా తిప్పినప్పుడు వేళ్లకు గరుకు తగిలినా, పక్కలకు ఊగినా బేరింగు అరిగినట్టే. ‘చెవిని పెట్టు’ అన్నదాన్ని అక్షరాలా తీసుకుని చెవినే యంత్రానికి ఆనించరాదు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను బేరింగు గూటికి, పిడిని చెవి ముందరి ఎముకకు ఆనిస్తే అర్థమూ నిలుస్తుంది, చెవీ నిలుస్తుంది.

మూడో పాదంలో ‘కొయ్య’ ఉపలక్షణం. చక్కు, ఉలి ఆనించే దిమ్మె కూడా తీసి వినాలని భావం. వదులైన బిగింపు పిడి ఒక్కటి చాలు, యంత్రమంతా గడగడలాడడానికి.

‘కాక మనిషి తప్పు’ అన్న చోట శంక: కొయ్య బిగించాకే కూసిందంటే తప్పు కొయ్యది కాదా? సమాధానం: కాదు. కర్ర రెండో కొసను పట్టే టెయిల్‌స్టాకు మొన తిరగని రకమైతే, నూనె చుక్క లేనప్పుడు కీచుమంటుంది, ఆపై పొగ వస్తుంది. సన్నని పొడుగు కర్ర ఉలి కింద దడదడలాడి ఒంటి మీద మెలిగీతలు తేలితే, ఉలి మొద్దుబారింది, లేదా దిమ్మె కర్రకు దూరంగా ఉంది, లేదా చెయ్యి అతిగా నొక్కుతోంది. వంకర మొద్దును తొలి నుంచే జోరుగా తిప్పితే లేతు నేల మీద నడవడం మొదలెడుతుంది. వీటిలో కొయ్య అపరాధం ఏముంది?

మరో శంక: తాడుతో ముందుకూ వెనక్కూ తిప్పే పాతకాలపు తరిమెనకు బెల్టూ లేదు, మోటారూ లేదు, మొదటి పాదం వ్యర్థం కదా? వ్యర్థమే. అక్కడ కొయ్య రెండు ఇనుప మొనల మధ్య తిరుగుతుంది, కూత పుట్టేదీ ముందుగా ఆ మొనల దగ్గరే. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేసేవారిలోనూ మోటారు లేతు వచ్చినవారికే ఈ పద్యం పూర్తిగా అన్వయిస్తుంది.

ఇక మరదీ మనిషిదీ అన్న విభాగం పైకి కనిపించినంత గట్టిది కాదు. కర్రను పట్టి తిప్పే పళ్ల సెంటరును కదురులోనే ఉంచి, కర్రను దాని మీదికి సుత్తితో దిగగొట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. ఆ దెబ్బ బేరింగు గుండ్ల గుండా పోయి గాడిలో గుంటలు వేస్తుంది. కొన్నాళ్లకు కొయ్య లేకపోయినా కదురు గరగరలాడుతుంది. పద్యం ప్రకారం అది మరది, నిజానికి సుత్తిది. సెంటరును ఊడదీసి, బల్ల మీద కొయ్య సుత్తితో కర్రలోకి దింపి, తర్వాతే కదురుకు ఎక్కించాలి.

పద్యానికి లొంగని చప్పుడు ఒక్కటుంది: సాఫీగా తెగుతున్న కర్రలోంచి ఉన్నట్టుండి వచ్చే ‘టక్’. అది పగులో, కదిలిన ముడో కావచ్చు. అప్పుడు బెల్టు, చెవి, పాదాల క్రమం అక్కర్లేదు. కర్ర ఎగిరే దారి నుంచి పక్కకు తప్పుకుని స్విచ్చు ఆపాలి, ఆ కర్రను మళ్లీ ఎక్కించకూడదు.