ఎంటర్ కొట్టాక ఆలోచించండి

లినక్స్ ఎక్కించే ముందు బ్యాకప్ తీసుకోమని చెప్పేవాళ్లకు పనీపాటా ఉండదు. పెళ్లిళ్ల సీజన్ అంటే ఏమిటో వాళ్లకు తెలీదు. హైదరాబాద్ యాకుత్‌పురా గల్లీల్లో ఒక్క కంప్యూటర్ మీద బతికే డీటీపీ షాపుల్ని వాళ్లెప్పుడూ చూసి ఉండరు. ఉర్దూ షాదీ కార్డు ఇన్‌పేజ్‌లో, తెలుగు శుభలేఖ అను ఫాంట్లలో, మధ్యలో ఎవరో ఆధార్ జిరాక్సుకు వస్తే అది. సాయంత్రానికి ఫైలు ఛత్తా బజార్ ప్రెస్సుకు చేరాలి. ఇంత హడావుడిలో బ్యాకప్ ఎవరికి పడుతుంది?

అలాంటి ఓ షాపాయన కొడుకు ఇంజనీరింగ్ చదువుతుంటాడు. కాలేజీ ల్యాబులో ఉబుంటు చూశాడు, షాపులోనూ కావాలంటాడు. ఇన్‌పేజ్, అను, పేజ్‌మేకర్ మూడూ విండోస్ మీద నడిచేవే కాబట్టి విండోస్‌ను తీసేయడానికి లేదు. ఉన్న ఒక్క డిస్కు మీదే రెండూ ఇమడాలి. ఇలాంటి ఇళ్ల కోసమే ఈ చిట్కాలు. ఇప్పటికే చాలామంది పాటించారు, ఫలితం అందరికీ ఒకేలా వచ్చింది.

మొదట డీ డ్రైవ్ సంగతి. మన దగ్గర కంప్యూటర్ ముట్టుకున్న ప్రతివాడికీ గురువు లేకుండా వచ్చే జ్ఞానం ఒకటుంది: సీ పోయినా డీకి ఏం కాదు. కాబట్టి ఇన్నేళ్ల డిజైన్లన్నీ డీలో పడేసి నిశ్చింతగా ఉండండి. రెండూ ఒకే డిస్కు మీద గీతలు గీసి పంచినవేననీ, ఒకే ఇంట్లో వాటాలు వేసుకున్న అన్నదమ్ముల్లాంటివనీ, దూలం విరిగితే ఇద్దరి నెత్తినా పడుతుందనీ కొందరు భయపెడతారు. వాళ్ల మాట వింటే బయట ఇంకో డిస్కు కొనాలి, అందులోకి అన్నీ కాపీ చేయాలి, కాపీ చేసినవి తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి, ఆపైన వైరు పీకి బీరువాలో దాచాలి. బీరువా ఉన్నది బంగారానికి గానీ హార్డ్ డిస్కుకా?

ఇక ఇన్‌స్టాలర్. పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటు మొదలుపెడితే ఒక తెర వస్తుంది. విండోస్ పక్కనే ఎక్కించమంటారా, డిస్కంతా తుడిచేసి ఎక్కించమంటారా, భాగాలు మీరే చేసుకుంటారా అని అడుగుతుంది. రెండోదే మేలు. డిస్కు శుభ్రంగా ఉంటుంది. చివర్లో ఏయే పార్టిషన్లు మారబోతున్నాయో జాబితా చూపించి ఇంకోసారి ఖాయం చేసుకుంటుంది. అక్కడిదాకా డిస్కు మీద ఏమీ రాయలేదు కాబట్టి వెనక్కి పోవచ్చట. వెనక్కి పోవడం మన ఇంటావంటా లేదు.

అరగంటకు కొత్త తెర వెలుగుతుంది. అప్పుడు తండ్రీకొడుకుల మధ్య ఈ సంభాషణ నడుస్తుంది.

“డీ ఏడికి పోయింది రా?”

“లినక్స్‌ల డీ అని ఉండదు డాడీ.”

“గది కాదు నేనడిగేది. అందులున్న కార్డులు ఏడికి పోయినయ్?”

అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు. లినక్స్‌లో డ్రైవులకు అక్షరాలు నిజంగానే ఉండవు. పరీక్షలో రాస్తే మార్కులు కూడా పడతాయి.

తుడిచేయడానికి మనసొప్పని పిరికివాళ్లు విండోస్ పార్టిషన్‌ను కుదించి చోటు చేసుకుంటారు. దానికీ మంచి పద్ధతి ఉంది. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తో దాన్ని కుదించడం, అంతకుముందే ఫాస్ట్ స్టార్టప్ ఆపేయడం చాదస్తుల దారి. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నంతకాలం షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా నిద్రపోదు, సగం పని డిస్కు మీదే దాచుకుని ఉంటుంది. అందుకే లినక్స్ ఆ పార్టిషన్‌ను రాయడానికి తెరవనంటుంది. అననివ్వండి, మీరు బలవంతంగా తెరవండి. తర్వాత పార్టిషన్లు మార్చే జీపార్టెడ్ పెట్టి పార్టిషన్ ఎడమ అంచును పట్టుకుని లాగండి. కుడి అంచు కుదిస్తే పని తొందరగా అయిపోతుంది. ఎడమ అంచు జరిపితే లోపలున్న డేటా మొత్తం కాపీ అవుతూ జరగాలి, గంటలు పడుతుంది. ఆ గంటల్లో కరెంటు పోతే డేటా సగం పాత చోట, సగం కొత్త చోట మిగులుతుంది. కాబట్టి ఏప్రిల్‌లో, ఈదురుగాలి మొదలయ్యే సాయంత్రం చూసుకుని పెట్టుకోండి. యూపీఎస్ కుయ్‌కుయ్‌మంటే బ్యాటరీ బతికే ఉందని అర్థం. నిశ్చింతగా వెళ్లి చాయ్ తాగి రండి.

పాత సిస్టమ్‌లో ఎంబీఆర్ పద్ధతి ఉంటే ఇంకో సదుపాయం దొరుకుతుంది. డిస్కు మొట్టమొదటి సెక్టారు 512 బైట్లు. అందులో 446 బూట్ కోడ్‌కు, 64 పార్టిషన్ పట్టికకు, చివరి 2 సంతకానికి. ఆ 64 బైట్లలో నాలుగు పార్టిషన్లకే చోటు. ప్రైమరీలు నాలుగూ నిండి ఉన్నప్పుడు విండోస్‌లో ఐదోది చేయబోతే, డిస్కును డైనమిక్‌గా మార్చమంటావా అని అడుగుతుంది. డైనమిక్ అనే మాటే ఎంత ఉత్సాహంగా ఉందో చూడండి. సరేనండి. లినక్స్ ఇన్‌స్టాలర్‌కు దానితో పొసగదన్నది తర్వాత తెలుస్తుంది.

కొత్త సిస్టమ్‌లో జీపీటీ, యూఈఎఫ్ఐ ఉంటాయి. అందులో 100 ఎంబీల చిన్న పార్టిషన్ ఒకటి కనిపిస్తుంది, ఫ్యాట్32. పేరు లేదు, డ్రైవ్ లెటర్ లేదు, ఎవరికీ పనికొచ్చేలా లేదు. తీసేయండి. విండోస్ బూట్ అవడానికి కావాల్సిన ఫైళ్లు ఉండేది అందులోనే అని మైక్రోసాఫ్ట్ గానీ లినక్స్‌వాళ్లు గానీ మీ ఇంటికొచ్చి చెప్పలేదు కదా. విండోస్ యూఈఎఫ్ఐలో ఉన్నప్పుడు పెన్‌డ్రైవ్‌ను పాత లెగసీ పద్ధతిలో బూట్ చేయడం కూడా మర్చిపోకండి. రెండూ ఎక్కుతాయి, కానీ ఒక మెనూలో మాత్రం కలవవు. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ ఒకటుంటుంది. అన్ని అంకెలు రాసుకునే ఓపిక ఎవరికుంది?

ఇప్పుడు అసలైన ఆయుధం, డిడి. పెన్‌డ్రైవ్‌లోకి లినక్స్‌ను దింపడానికి వాడే కమాండు. ఎక్కడి నుంచి, ఎక్కడికి అని రెండు ముక్కలు చెబితే చాలు. నిజంగానా అని అడగదు, తప్పు అని చెప్పదు, పని చేసుకుపోతుంది. ఎస్‌డిఎ అంటే పెన్‌డ్రైవ్ అనే అనుకోండి, ఎందుకంటే నిన్న అలాగే ఉంది. ఈ పేర్లు డిస్కుకు పుట్టుకతో వచ్చినవి కావు. ఏ డిస్కు ముందు కనిపిస్తే దానికి ఎస్‌డిఎ, తర్వాతిదానికి ఎస్‌డిబి. నిన్నటి పేరు ఇవాళ ఉండాలని లేదు. ఎల్‌ఎస్‌బిఎల్‌కె అని కొడితే ప్రతి డిస్కు సైజూ తెర మీద పడుతుంది. 500 జీబీ ఏదో, 16 జీబీ ఏదో చంటిపిల్లాడికి కూడా తెలిసిపోతుంది. అందుకే కొట్టకండి, మజా పోతుంది. ఎఫ్‌డిస్క్ ఈ విషయంలో కాస్త నెమ్మదైనది. ఏం మార్చినా డబ్ల్యు కొట్టేదాకా డిస్కు మీద రాయదు, క్యూ కొడితే ఏమీ జరగనట్టే బయటికి వస్తుంది. మీరు డబ్ల్యు ఒక్కటి గుర్తుపెట్టుకోండి చాలు.

ఎఫ్‌ఎస్‌సికె గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఫైల్ సిస్టమ్ రిపేరు చేసే ఈ సాధనాన్ని నడుస్తున్న పార్టిషన్ మీద వదిలితే, ఇలా చేస్తే తీవ్రంగా పాడవుతుంది అని పెద్దక్షరాల్లో, నక్షత్రాలు పెట్టి మరీ హెచ్చరిస్తుంది. నక్షత్రాలు శుభలేఖ మీద కూడా వేస్తాం. వై కొట్టండి.

ఇంత చేశాక తెర నల్లబడుతుంది. తెలియని ఫైల్ సిస్టమ్ అని ఒక లైను, కింద గ్రబ్ రెస్క్యూ అని ఇంకో లైను, పక్కన మినుకుమినుకుమనే గీత. చూసినవాడి గుండె జారుతుంది. ఈ దశలో చాలావరకు డిస్కులో ఫైళ్లు పదిలంగానే ఉంటాయి. విండోస్‌లో కూర్చుని ఏదో పార్టిషన్ తీసేశారు, ఓఎస్‌ను లేపే గ్రబ్ తన సామాను పాత చోట వెతుక్కుని దొరక్క నిలబడిపోయింది, అంతే. అక్కడే ఎల్‌ఎస్ అని కొడితే డిస్కులూ భాగాలూ వరసగా చూపిస్తుంది. ఒక్కోదాన్నీ తెరిచి బూట్ ఫోల్డర్ ఎందులో ఉందో పట్టుకోవాలి. రూట్, ప్రిఫిక్స్ రెండూ దానికి సెట్ చేసి, నార్మల్ మాడ్యూల్ ఎక్కించి, నార్మల్ అంటే మెనూ వస్తుంది. లినక్స్‌లోకి వెళ్లాక గ్రబ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, అప్‌డేట్ గ్రబ్ అంటే కథ ముగిసింది. అది కుదరకపోయినా లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి లేపి కార్డుల ఫైళ్లను ముందు బయటికి లాక్కోవచ్చు. ఇదంతా చదవడం వచ్చినవాళ్ల పని. మీరు బ్యాక్‌స్పేస్‌ను 28 సార్లు నొక్కండి. 2015 డిసెంబర్‌లో స్పెయిన్‌లోని వలెన్సియా పరిశోధకులిద్దరు అలా నొక్కితే పాస్‌వర్డ్ పెట్టిన గ్రబ్ కూడా లొంగిపోతుందని కనిపెట్టారు. అది భద్రతా లోపం, ఎప్పుడో సరిచేశారు, మీ రోగానికి దానికీ సంబంధం లేదు. అయినా నొక్కుతుంటే ఏదో చేస్తున్నట్టు ఉంటుంది, కౌంటర్ దగ్గర నిలబడ్డ కస్టమర్‌కూ నమ్మకం కలుగుతుంది.

“అన్నా, మా చెల్లె పెండ్లి కార్డు ప్రూఫ్ ఇస్తనన్నవ్ గదా?”

“సిస్టం జర సతాయిస్తుంది తమ్మీ, రేపు రా.”

తమ్ముడు రేపు వస్తాడు. ఎల్లుండి కూడా వస్తాడు.

మెనూ వచ్చి అందులో విండోస్ కనబడకపోతే విండోస్ పోయినట్టే లెక్క. మళ్లీ ఎక్కించండి. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్క ఓఎస్‌లను వెతికే పని మామూలుగా ఆపి ఉంచుతున్నారనీ, సెట్టింగుల ఫైల్లో ఒక్క లైను మారిస్తే విండోస్ తిరిగి మెనూలోకి వస్తుందనీ అంటారు. ఒక్క లైనుతో పోయేదానికి అంత ఆదుర్దా పడ్డామా అని తర్వాత సిగ్గేస్తుంది. దానికన్నా కొత్తగా ఎక్కించడమే గౌరవం. విండోస్ ఎక్కాక తననే ముందు లేచేలా చేసుకుంటుంది, లినక్స్ కనబడదు. అప్పుడు లినక్స్ ఎక్కించండి. సెలవులన్నీ ఇట్టే గడిచిపోతాయి.

అన్నిసార్లూ తప్పు మనదే అనుకోవడమూ మంచిది కాదు, ఈ ఒక్క మాట నేను నవ్వకుండానే చెబుతున్నాను. 2024 ఆగస్టు 13న మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అప్‌డేట్ వల్ల, సెక్యూర్ బూట్ ఉన్న డ్యూయల్ బూట్ మిషన్లు ఎన్నో లినక్స్ వైపు లేవడం మానేశాయి. షిమ్ ఎస్‌బ్యాట్ తనిఖీ తప్పిందని ఒక లైను చూపించి ఆగిపోయేవి. డ్యూయల్ బూట్ ఉన్న చోట ఇది అమలు కాదని కంపెనీ ముందు చెప్పింది, అయినా అయింది. సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, అప్‌డేట్ పెట్టిన ఎస్‌బ్యాట్ పాలసీ తీసేసి, సెక్యూర్ బూట్‌ను మళ్లీ పెట్టుకున్నవాళ్లు అదే పూట పనిలో పడ్డారు. తెర మీది లైను చదవనివాళ్లు డిస్కు ఫార్మాట్ చేశారు. ఫార్మాట్ చేసినా తేడా ఏముండదు, ఎందుకంటే ఆ పాలసీ కూర్చున్నది డిస్కులో కాదు, మదర్‌బోర్డు మెమరీలో.

బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు తగిలించాలో చెప్పే ఎఫ్‌స్ట్యాబ్ అనే ఫైలు మీద కూడా చెయ్యి చేసుకోండి. బయటి డిస్కును అందులో యుయుఐడితో కాక ఎస్‌డిబి అనే పేరుతోనే రాయండి, నోఫెయిల్ అన్న మాట పొరపాటున కూడా చేర్చకండి. డిస్కు ఊడదీసిన మర్నాడు సిస్టమ్ నిమిషంన్నర దాని కోసం ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్‌లో కూలబడుతుంది.

డిస్కే కొత్తది కావాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా ఎంఎంటీఎస్ ఎక్కి పోవడం దండగ. ఎర్రగడ్డ ఆదివారం అంగట్లో బేరమాడి పాతది తెచ్చుకోండి. స్మార్ట్ రిపోర్టు తీసి ఎన్ని సెక్టార్లు చచ్చాయో చూడాల్సిన పని లేదు. చెవి దగ్గర పెట్టుకుంటే టిక్‌టిక్‌మంటుంది, అంటే తిరుగుతోందన్నమాట. సలహా అడగడానికి ఎవరి దగ్గరికీ వెళ్లకండి. డెబియన్ ఆధారంగా తెలుగులో నడిచే ఓఎస్‌నే తయారుచేసిన స్వేచ్ఛ సంస్థ ఈ ఊళ్లోనే ఉంది. అలాంటివాళ్లను అడిగితే నిజంగా చెప్పినా చెప్పేస్తారు.

డేటా పోయిందని తేలాక చేసే పనుల్లో వరస ముఖ్యం. సిస్టమ్ ఆపకండి. అదే డిస్కు మీద ఇంకోసారి ఓఎస్ ఎక్కించండి, బ్రౌజర్ తెరిచి రికవరీ సాఫ్ట్‌వేర్లు అదే డిస్కులోకి దింపండి, దొరికిన ఫైళ్లను కూడా అందులోనే దాచండి. పాత కార్డులు ఉన్న చోటే కొత్తవి రాసుకుంటూ పోతుంది. పార్టిషన్ పట్టిక ఒక్కటే చెరిగితే టెస్ట్‌డిస్క్ అనే ఉచిత సాధనం చాలాసార్లు దాన్ని తిరిగి పట్టుకుంటుంది. జీపీటీ అయితే పట్టిక నకలు డిస్కు చివర్లో కూడా ఒకటి ఉంటుంది. అలసిపోయిన డిస్కు నుంచి ముందు డిడిరెస్క్యూతో మొత్తం ప్రతి తీసుకుని, ఆ ప్రతి మీదే ప్రయోగాలు చేయడం పద్ధతి. అవన్నీ ఎంటర్ కొట్టే ముందు ఆలోచించే రకాలకు.

ఈ చిట్కాలు పాటించబోయేవారికి ఒకటే మనవి. ఆర్డర్ ఇచ్చినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ముహూర్తం తేదీలు ముందుగా ఓ కాగితం మీద రాసిపెట్టుకోండి. పెళ్లి వాయిదా పడదు, వాళ్లకు ఫోన్ చేయాల్సింది మీరే.