కరివేపాకు మీద కాపలా

మా కోడలు వంగపువ్వుకి పళ్ళు తోముతోంది. వేళాకోళం కాదు. విశాఖపట్నంలో అయిదో అంతస్తు మీది మిద్దెతోటలో, పొద్దున్న ఎనిమిదింటికి, బ్యాటరీతో తిరిగే బ్రష్షు పట్టుకుని ఒక్కో పువ్వు తొడిమకీ ఆనించి 'జుయ్' మనిపిస్తోంది. ఇదేం పనమ్మాయ్ అంటే, "పుప్పొడి రాలాలి మామయ్యగారూ, లేకపోతే పిందె నిలవదు" అంది. బీటెక్ చదివి ఆఫీసులో పదిమంది మీద అజమాయిషీ చేసే పిల్ల, ఇంటికొచ్చి తుమ్మెద ఉద్యోగం వెలగబెడుతోంది. అదీ జీతం లేకుండా.

మా రోజుల్లో ఈ పనికి తుమ్మెద ఉండేది. వంకాయ, టమాటా పువ్వుల్లో పుప్పొడి పైకి కనపడదు. మధ్యన పచ్చగా, అరటి హస్తంలా దగ్గరగా నిలబడ్డ గొట్టాల్లో దాక్కుని ఉంటుంది. వంగపువ్వు గొట్టాలకైతే చివర సూదిబెజ్జాలే దారి. నల్లతుమ్మెద వచ్చి ఆ గొట్టాలని కాళ్ళతో కరుచుకుని, రెక్కలు కదపకుండా ఒళ్ళంతా అదిరించేది. ఉప్పుడబ్బా కుదిపినట్టు పొడి దాని పొట్ట మీద రాలేది. తేనెటీగకి ఈ విద్య రాదు. కొన్ని జాతులకే వచ్చు, ఇప్పుడు మా కోడలికీ వచ్చింది.

మా ఊరు కడియం పక్కన పల్లె. పెంకుటింటి వసారాకి వెదురు వాసాలుండేవి. వాటికి చిటికెనవేలు పట్టేంత గుండ్రటి కన్నాలు, కొలతపెట్టి తొలిచినట్టు. కింద మా తాత నులకమంచం మీద రోజూ చిటికెడు పసుప్పచ్చ పొట్టు రాలేది. ఆయన దులుపుకుంటూ తుమ్మెద వంశాన్ని ఏడు తరాలు తిట్టేవాడు. తిట్టేవాడే గానీ వాసం మార్చలేదు, కన్నం పూడ్చలేదు. ఇప్పుడు ఈ ఫ్లాటులో తలుపులు ప్లాస్టిక్‌వి, కిటికీలు అల్యూమినియంవి. తుమ్మెద ఎక్కడ కాపురం పెట్టాలండీ?

పోనీ మొక్కలన్నా సరైనవి కొంటారా? మొన్న మా ఊరి మీదుగా వస్తూ కడియపులంకలో ఆగాం. రోడ్డుకి ఇరుపక్కలా నర్సరీలే. నా చిన్నప్పుడు అటు వెళ్ళేది బంతి నారుకో, నిమ్మ అంటుకో. ఇప్పుడు చూస్తే బంతుల్లా, గొడుగుల్లా కత్తిరించిన ఫైకస్‌లు, క్రోటన్లు, లారీలకెక్కుతున్న పామ్‌లు. నర్సరీ కుర్రాడు ఓ కుండీ చూపించి, "దీనికి పువ్వు లేదు, చెత్త లేదు, పురుగే పట్టదండీ" అని మురిసిపోయాడు. మావాడు రెండు కొన్నాడు. పురుగు కూడా చీదరించుకునే మొక్కకి సీతాకోకచిలుక ఏ మొహం పెట్టుకుని వస్తుందో ఇద్దరూ ఆలోచించలేదు.

మందారం సంగతీ అంతే. మా పెరట్లో రేకమందారం ఉండేది. అయిదే రేకులు, మధ్యలో పొడుగ్గా పుప్పొడి కాడ. ఇప్పుడు అందరికీ ముద్దమందారం కావాలి, దేవుడి పటానికి నిండుగా ఉంటుందని. ఆ ముద్దలో అదనపు రేకులన్నీ ఒకప్పటి కేసరాలే. పుప్పొడి పెట్టాల్సినవి రేకులై కూర్చున్నాయి. తేనెటీగ వచ్చి ఒకటికి రెండుసార్లు చుట్టూ తిరిగి చూసుకుని, విస్తరేసి వడ్డన మరిచిన పెళ్ళిలోంచి లేచినట్టు వెళ్ళిపోతుంది.

విశాఖ సంగతి చూస్తే, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను చెట్లని పీకి పారేశాక వీధులకి వీధులు ఏడాకులపాల నాటారు. మంచి చెట్టే, మన చెట్టే. కానీ అది తప్ప ఇంకోటి లేనట్టు వరసకట్టి నాటితే? చలికాలం మొదట్లో అన్నీ ఒక్కసారే పూస్తాయి, ఊరు ఊరంతా ముక్కు మూసుకుంటుంది. అది పూయని రోజుల్లో ఆ వీధుల్లో తేనెటీగకి ఏం పెడతారు?

సరే, కరివేపాకు. మా మిద్దె మీద నా హక్కుభుక్తంలో ఉన్నది ఆ ఒక్క కుండీయే. వినాయకచవితి వెళ్ళాక ఓ మధ్యాహ్నం నల్లరెక్కల మీద ఎర్రమచ్చలున్న సీతాకోకచిలుక వచ్చి, లేత చిగుళ్ళ కింద ఒక్కోచోట ఒక్కో గుడ్డు అంటించి పోయింది. మనవరాలు ఫోనులో ఫొటో తీసి పెద్ద రహస్యం చెప్పింది: "తాతయ్యా, ఇది వేషం! ఈశ్వరి తీగ తిని పెరిగే విషపు జాతి ఒకటుంది, దాన్ని పిట్టలు ముట్టుకోవు. ఈ ఆడది దాని రంగు వేసుకు తిరుగుతుంది." సీతమ్మ కోక అని పేరు పెట్టుకున్నందుకు పరాయిదాని కోక కట్టుకు తిరుగుతోందన్నమాట. నాకు 74 ఏళ్ళు. ఈ ముక్క ఇన్నాళ్ళూ తెలీదు.

పిల్లలు పుట్టినప్పుడు పురుగుల్లా లేవు, పిట్టరెట్టలా ఉన్నాయి. నలుపూ తెలుపూ కలిసి, జిగటగా. పెరిగి ఆకుపచ్చకి తిరిగాక ఒకదాన్ని పుల్లతో కదిపాను. తల వెనకనించి ఎర్రటి రెండు కొమ్ములు బయటికి చాచింది, దాంతోపాటే కుళ్ళిన నిమ్మడిప్ప లాంటి కంపు. చిటికెనవేలంత ప్రాణికి ఎంత పౌరుషం!

అది చూసి పై వాటా ఆయన మందు సీసా పట్టుకొచ్చాడు. "రెండు పిచికారీలు కొడితే పోతాయండీ." ఈయనే మొన్న వాళ్ళ అబ్బాయిని సీతాకోకచిలుకల పార్కుకి తీసుకెళ్ళి టిక్కెట్టు కొని చూపించొచ్చాడు! గొంగళిపురుగు వద్దు, చిలుక కావాలి. కూతురు వద్దు, మనవడు కావాలన్నట్టుంది. సీసా వెనక్కి పంపేశాను.

మా రోజుల్లో మేమంతా బుద్ధిమంతులమని మాత్రం అనను. తూనీగ తోకకి దారం కట్టి ఎగరేసిన చేతులివి. బంగారుపురుగుని తుమ్మాకుతో సహా అగ్గిపెట్టెలో పెట్టి బడికి మోసేవాళ్ళం. చదువుకున్న పెద్దలు మాకేమీ తీసిపోలేదు. కందిరీగ ఓ పురుగుని మట్టిగూట్లో పెట్టి చుట్టూ రొద చేస్తే, ఆ రొద వినీవినీ పురుగే కందిరీగైపోతుందని మా నాయనమ్మ చెప్పేది. వేదాంతంలో భ్రమరకీటక న్యాయం అంటారు, ఉపన్యాసాల్లో నేనూ వాడాను. పోయినేడు దేవుడి మందిరం వెనక గూడు రాలి పగిలితే మనవరాలు భూతద్దం ఇచ్చింది. లోపల ఆకుపచ్చ పురుగులు ఆరు. చావలేదు, కదల్లేవు. ఒకదాన్ని పట్టుకుని బియ్యపుగింజంత తెల్లపిల్ల తాపీగా భోంచేస్తోంది. తల్లి మత్తుసూది పొడిచి బిడ్డకి కూడు కట్టిపెట్టి పోయింది. ఇందులో జపమూ లేదు, మోక్షమూ లేదు. ఒక్క గూడు పగలగొట్టి చూస్తే తెలిసే విషయం. ఇన్ని తరాల్లో మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఇది ఒప్పుకున్నాను గదా అని తేనెపట్టు విషయంలో మాత్రం తగ్గను. రెండేళ్ళ కిందట నీళ్ళ ట్యాంకు అడుగున పెద్దతేనెటీగ బారెడు పట్టు పెట్టింది. అది కాలాన్ని బట్టి వచ్చిపోయే జాతి, కొన్నాళ్ళు ఆగండి, అటు ఎవరినీ వెళ్ళనీయొద్దు అన్నాను. అపార్ట్‌మెంటు మీటింగులో పదినిమిషాల్లో తీర్మానమైపోయింది. ఎవణ్ణో పిలిచి రాత్రికి రాత్రి కాగడా పెట్టించారు. తెల్లారి ఊడ్చే ఆవిడ రెండు చేటల ఈగలు ఎత్తింది. కొన్ని ఇంకా కాళ్ళాడిస్తున్నాయి. మా ఊళ్ళో చింతచెట్టెక్కేవాడు తడిగడ్డి పొగపెట్టి, తేనె ఉన్న మేర కోసుకుని, పిల్లలున్న పట్టు వదిలేసేవాడు. అందరూ అలాంటివాళ్ళే అనను, కాల్చినవాళ్ళు అప్పుడూ ఉన్నారు. కాకపోతే వాళ్ళు కాల్చింది తేనె కోసం. వీళ్ళకి ఆ తేనె కూడా అక్కర్లేదు.

ఆ తర్వాతే మా కోడలు బ్రష్షు కొంది. ఈ రెంటికీ సంబంధం ఉందని నేనంటాను, లేదని మావాడంటాడు.

ప్రస్తుతం కరివేపాకు మొక్కకి ఈనెలే మిగిలాయి. పోపులోకి బజారు నించి పది రూపాయల కట్ట తెస్తున్నారు, నా వంక చూస్తూ. నిన్నటిదాకా పురుగులు ఏడు, ఇవాళ లెక్క నాలుగు. రెండింటి జాడ తెలీలేదు. మూడోది వాషింగ్ మెషిన్ వెనక గోడకి, నడుముకి దారం బిగించుకుని ఏటవాలుగా వేలాడుతోంది. వారం పదిరోజులు పడుతుందిట. అంతవరకూ మెషిన్ వేయొద్దని చీటీ రాసి అంటించాను.