ఏకపంక్తి పురాణం: ‘నిద్రాభంజని’ అను టీకా తాత్పర్య సహితం

మూలం:

యూయూఐడీ=7సీ1ఈ…బీ4 /ఎస్‌ఆర్‌వీ/ఇల్లు ఈఎక్స్‌టీ4 డిఫాల్ట్స్,నోఫెయిల్ 0 2

అవతారిక: మా అబ్బాయి దసరాకి వచ్చి, పోతూ పోతూ టీవీ వెనకాల పేకముక్కంత రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటరు ఒకటి పెట్టి, దానికి ఇటుకంత హార్డ్‌డిస్క్ తగిలించి వెళ్లాడు. ఇంటిల్లిపాది ఫోటోలూ, నాలుగు పెళ్లిళ్ల వీడియోలూ, నేను ముప్ఫై ఏళ్లపాటు తయారుచేసిన తెలుగు ప్రశ్నపత్రాలూ అందులోకి ఎక్కాయి. ఇది మొరాయిస్తే ఏం చేయాలిరా అని అడిగితే, పైన చెప్పిన పంక్తిని ఓ కాగితం మీద రాసిచ్చి, "అంతా ఇందులోనే ఉంది నాన్నగారూ" అని బెంగళూరు బస్సెక్కాడు. సూత్రకారులు ఎప్పుడూ ఇంతే. సూత్రం పడేసి వెళ్లిపోతారు, అవస్థ వ్యాఖ్యాతలది.

మెతుకుసీమ కొలిచాలలో పుట్టిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి మరీ కాళిదాసుకి వ్యాఖ్య రాశాడు. ఆయనకి కరెంటు కోతలు లేవు. నేను ఆ ప్రతిజ్ఞ పట్టడం లేదు.

ఈ పంక్తి ఉండే గ్రంథం పేరు ఎఫ్‌స్టాబ్. లైనక్స్ యంత్రం నిద్రలేవగానే ఏ డిస్కుని ఏ ఫోల్డరులో కూర్చోబెట్టాలో చూసుకునే పట్టీ అది. పంక్తికి ఆరు పదాలు. నడుమ ఖాళీయే యతిస్థానం. యతి తప్పితే పద్యంలో విమర్శకుడు మాత్రమే లేస్తాడు, ఇక్కడ యంత్రమే లేవదు. నేను ముచ్చటపడి ‘మా ఇల్లు’ అని ఖాళీ వదిలి పేరు పెడదామంటే అబ్బాయి వద్దన్నాడు. ఆ ఖాళీని చూసి యంత్రం ‘ఇల్లు’ని మూడో పదం అనుకుంటుందట. ఖాళీయే కావాలంటే దాని బదులు వెనక్కి వాలిన గీతా, 040 అనే అంకెలూ రాయాలట. ‘మా’ని వదులుకున్నాం.

ప్రతిపదార్థం:

యూయూఐడీ=7సీ1ఈ…బీ4 = ఫలానా గుర్తు గల డిస్కును. అసలు గుర్తు గీతలతో కలిపి 36 అక్షరాలు, కాగితం చాలక మధ్యలో మింగాను. బీఎల్‌కేఐడీ అనే ఆజ్ఞ ఇస్తే యంత్రమే చదివి వినిపిస్తుంది. ఇది ఆ ఇనప ముక్క పేరు కాదు, దాని మీద పరిచిన ఫైల్ సిస్టమ్ పేరు. ఫార్మాట్ కొడితే శరీరం అదే, జన్మ వేరు, గుర్తూ వేరే వస్తుంది. ఇంత చాంతాడు ఎందుకు, /దేవ్/ఎస్‌డీఏ1 అని పొట్టిగా అనకూడదా అంటే, అనకూడదు. ఆ పేర్లు పెళ్లిబంతిలో విస్తళ్ల వంటివి. ముందొచ్చిన వాడు మొదటి విస్తరి ముందు కూర్చుంటాడు. రెండు డిస్కులుంటే ఇవాళ్టి ఎస్‌డీఏ రేపు ఎస్‌డీబీ కావచ్చు. ‘దేవ్’ని చూసి నేను దేవశబ్దభవమని మురిసిపోయాను. డివైస్‌కి ముద్దుపేరు మాత్రమేనని తర్వాత తెలిసింది. ఆ వ్యుత్పత్తిని నేను ఇంకా పూర్తిగా వదులుకోలేదు.

/ఎస్‌ఆర్‌వీ/ఇల్లు = ఇల్లు అను పేరుగల ఖాళీ ఫోల్డరునందు. ‘ఖాళీ’ అన్న మాట మూలంలో లేదు. కష్టాలన్నీ అక్కణ్నుంచే వచ్చాయి. కింద విస్తరిస్తాను.

ఈఎక్స్‌టీ4 = ఆ జాతి ఫైల్ సిస్టమ్‌గా. స్పష్టము.

డిఫాల్ట్స్ = మామూలు మర్యాదలతోను. చదవచ్చు, రాయచ్చు, యంత్రం లేవగానే తనంతట తాను ఎక్కచ్చు ఇత్యాదులు ఏడు కలిపి ఒక్క మాట.

నోఫెయిల్ = ఫెయిల్ లేకుండగను. దీన్ని ‘ఎన్నడూ తప్పిపోనిది’ అని చదువుకున్నవాడు నాలాగే చెడతాడు. తప్పిపోయినా తప్పినట్టు లెక్కవేయరాదని దీని అర్థం. బళ్లలో నాన్-డిటెన్షన్ ఉండేది చూశారూ, అచ్చంగా అదే. పిల్లవాడు పరీక్షకి రాకపోయినా పైతరగతికి పంపాలి. ఈ మాట లేకపోతే యంత్రం డిస్కు కోసం 90 సెకన్లు గుమ్మంలో నిలబడి చూసి, రాకపోతే ఎమర్జెన్సీ మోడ్ అని అలిగి కూర్చుంటుంది. మానిటరూ కీబోర్డూ లేని మా డబ్బా అలిగిన సంగతి కూడా మనకి తెలియదు. కాబట్టి మాట అవసరమే. ప్రమాదమూ అందులోనే ఉంది.

0 = సున్న. పూర్వం డంప్ అనే బ్యాకప్ పనిముట్టు కోసం పెట్టిన చోటు, ఇప్పుడు దాని ముఖం చూసేవాడు లేడు. శ్లోకాల్లో ‘వై’, ‘తు’ ఉంటాయే, అలా పాదపూరణార్థం.

2 = రెండవ వరుసలో ఆరోగ్య పరీక్ష జరుపవలెను. ఒకటో వరుస యంత్రం సొంత మూలవిరాట్టుది. తక్కినవన్నీ రెండు. సున్న వేస్తే పరీక్షే లేదు.

పాఠాంతరం: ఇదే గ్రంథంలో, యంత్రం చదవకుండా ముందు # గుర్తు పెట్టిన పంక్తి ఇంకొకటి కనిపిస్తోంది. అందులో ఈఎక్స్‌టీ4 బదులు ఎన్‌టీఎఫ్‌ఎస్ అనీ, యూఐడీ=1000, జీఐడీ=1000 అనీ ఉంది. డిస్కు విండోస్ నుంచి వచ్చిన తొలిరోజుల నాటి పాఠం. విండోస్ వాళ్ల డిస్కు మీద లైనక్స్ వాళ్ల సొంతదారుల లెక్క ఉండదు గనక, ‘ఇందులో ఉన్నవన్నీ 1000 నంబరు వాడివే’ అని ఎక్కించేటప్పుడే చెప్పుకోవాలి. ఇంటి యంత్రంలో మొదట పుట్టిన మనిషి నంబరు 1000. ఈఎక్స్‌టీ4కి ఆ లెక్క తనలోనే ఉంది, బయటినుంచి చెబితే ఒప్పుకోదు. రెండు పాఠాలనూ సమన్వయిస్తానని నేను 1000లు తెచ్చి ఇక్కడ అతికిస్తే డిస్కు ఎక్కనే లేదు. ప్రక్షిప్తమని నిర్ణయించి # లోపలే ఉంచాను.

తాత్పర్యం: ఫలానా డిస్కును ఇల్లు అను ఫోల్డరులో ఎక్కించవలెను, దొరకకున్న గొడవ చేయక సాగిపోవలెను.

విశేషం: ఎక్కించుట, వాళ్ల మాటలో మౌంట్, అనగా ఏమి? ఆవాహన. వినాయకచవితినాడు మట్టిబొమ్మ పొద్దున్నుంచీ పీట మీదే ఉంటుంది, ఆవాహన చేశాకే దేవుడు. చేయకపోయినా బొమ్మ బొమ్మలానే నవ్వుతూ ఉంటుంది. ఈ సంగతి నాకు బోధపడిన విధం చెబుతాను.

కార్తీకమాసంలో ఓ రాత్రి కరెంటు పోయింది. దోమలు లేచాయి. మా ఆవిడ చీకట్లో తడుముకుని, కరెంటు రాగానే ఛార్జింగ్ ఎక్కుతుందని, ఒక ప్లగ్గు పీకి అక్కడ దోమలబ్యాట్ పెట్టింది. పీకింది హార్డ్‌డిస్క్ అడాప్టరుది. కరెంటు వచ్చింది. పై లేచింది. డిస్కు లేవలేదు. నోఫెయిల్ గనక యంత్రం కిమ్మనలేదు.

పదకొండు రోజులు గడిచాయి. రోజూ రాత్రి మా ఫోన్లు ‘ఇల్లు’లోకి ఫోటోలు పంపుతూనే ఉన్నాయి, అది పుచ్చుకుంటూనే ఉంది. చివరికి ఒకరోజు చోటు లేదంది. రెండు టీబీల డిస్కుకి చోటు లేకపోవడమేమిటని నేననుకుంటుండగానే మా ఆవిడ, "ఏమండీ, పాత ఫోటోలన్నీ పోయాయి, కొత్తవే ఉన్నాయి" అంది. అబ్బాయికి ఫోన్ చేశాను.

"డిస్కు మౌంట్ అయి ఉందో లేదో చూశారా?"

"ఫోల్డరు కనిపిస్తూనే ఉందిరా."

"ఫోల్డరు ఎప్పుడూ ఉంటుంది నాన్నగారూ."

ఈ వాక్యానికి నేను వేరే వ్యాఖ్య రాయగలను. ఫోటోలన్నీ యంత్రం బతికే 32 జీబీల మెమరీ కార్డు మీద పడ్డాయి, ఆవాహన లేని బొమ్మకి పదకొండు రోజులు నైవేద్యం పెట్టినట్టు. దోమలబ్యాట్ పీకి, ప్లగ్గు పెట్టి, యంత్రాన్ని మళ్లీ లేపాను. లోపల్నుంచి కేక వినిపించింది: "ఏమండీ, పాతవి వచ్చాయి! ఇప్పుడు కొత్తవి పోయాయి!"

పోలేదు. గచ్చు మీద వేసిన ముగ్గుపైన తివాచీ పరిచాం, అంతే. డిస్కు ఎక్కితే ఆ ఫోల్డరులో అంతకుముందున్నది దాని కింద పడి కనబడదు, చెరగదు. తివాచీ ఎత్తాలంటే ఉద్వాసన చెప్పాలి. దాని ఆజ్ఞ అన్‌మౌంట్ కాదు, యూమౌంట్. ‘న్’ ఎక్కడ లోపించిందో ఏ వ్యాకరణంలోనూ నాకు దొరకలేదు. డిస్కును ఫోన్లకి పంచే సాంబాని (దాని కథ కింద చెబుతాను) ఆపి ఆజ్ఞ ఇస్తే, టార్గెట్ ఈజ్ బిజీ అంది. ఎవడ్రా అందులో కూర్చున్నది అంటే, "మీరే నాన్నగారూ. మీరు ఆ ఫోల్డరులోకి వెళ్లి అక్కణ్నుంచి ఆజ్ఞ ఇస్తున్నారు" అన్నాడు. చాప మీద కూర్చుని చాప చుడుతున్నానన్న మాట. లేచి బయటికొచ్చి మళ్లీ చెప్పాను. ఉద్వాసన అయింది. కింద ముగ్గు పదిలంగా ఉంది. ఆ ఫోటోలని పక్కకి తీసి దాచి, డిస్కు ఎక్కించాక అందులోకి మార్చాను.

పూర్వపక్షం: ఉద్వాసన లేకుండా తీగ పీకితే ఏమి? మా మేనల్లుడు రోజూ పెన్‌డ్రైవ్ అలాగే పీకుతాడు, ఏమీ కాలేదు గదా? సమాధానం: రాయమన్నది యంత్రం వెంటనే డిస్కు మీద రాయదు, కాసేపు నోట్లో పెట్టుకుని తీరిగ్గా రాస్తుంది. ఆ కాసేపట్లో పీకకపోవడం మేనల్లుడి అదృష్టం, ప్రమాణం కాదు.

ఇక పంచుకొనుట: ఎక్కిన డిస్కును టీవీకీ ఫోన్లకీ పంచేది సాంబా. స + అంబ, అంబతో కూడినవాడు అని నేను అనగానే మా ఆవిడ దండం పెట్టింది. నిజానికి 1992లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిజెల్ మొదటి రూపం వదిలాడు. అది మాట్లాడే భాష ఎస్‌ఎంబీ గనక, ఎస్, ఎమ్, బీ అక్షరాలు అదే వరుసలో వచ్చే మాటల కోసం నిఘంటువు గాలిస్తే తర్వాత ఈ పేరు తగిలింది. దీని గ్రంథం వేరు, దాని శైలి నాకు నచ్చదు. రాయడానికి అనుమతి ఇవ్వాలంటే ‘రీడ్ ఓన్లీ = నో’ అని వ్యతిరేకానికి వ్యతిరేకం చెప్పాలి. చెప్పకపోతే చదవడమే. సంకేతపదం కూడా యంత్రానిది పనికిరాదు, ఎస్‌ఎంబీపాస్‌డబ్ల్యూడీతో వేరేది పెట్టాలి. పైగా గుడి తలుపు సాంబా తీసినా గర్భగుడి తలుపు ఫోల్డరు సొంతదారుడి చేతిలో ఉంటుంది, రెండూ తెరిస్తేనే దర్శనం. ఆవాహన అయిందా లేదా అని మాత్రం సాంబా అడగదు. ఖాళీ ఫోల్డరునైనా అదే గౌరవంతో పంచిపెడుతుంది.

పరిహారం: అబ్బాయి ఫోన్లో దగ్గరుండి చేయించాడు. డిస్కుకి ఉద్వాసన చెప్పి, ఖాళీగా ఉన్న ‘ఇల్లు’ ఫోల్డరుకి చాట్టర్ +ఐ అనే ముద్ర వేసి, మళ్లీ డిస్కు ఎక్కించాం. ఆ ముద్ర ఉండగా ఖాళీ ఫోల్డరులో యంత్రాధిపతి కూడా చుక్క పెట్టలేడు. డిస్కు ఎక్కితే మామూలే. ఎక్కకపోతే ఆ రాత్రే ఫోన్లు మొర్రోమంటాయి. మొర్రోమనాలి. ఎఫ్‌స్టాబ్‌లో చేయి పెట్టిన ప్రతిసారీ ముందు ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై అని ఒప్పులు చూసి, తర్వాత మౌంట్ -ఏ కొట్టి, అప్పుడే రీస్టార్ట్ చేస్తున్నాను.

దోమలబ్యాట్ ఇప్పుడు వంటింట్లో ఛార్జింగ్ అవుతోంది. డిస్కు ప్లగ్గు మీద నేనొక చీటీ అతికించాను: ‘ఉద్వాసన చెప్పనిదే పీకరాదు.’ పనిమనిషికి చదువు రాదు కనక నోటితో కూడా చెప్పాను. మీ ఇంట్లో ఇలాంటి డబ్బా ఉంటే, ఈ రాత్రి పడుకోబోయే ముందు ఫైండ్‌ఎంఎన్‌టీ అని కొట్టి, మీ డిస్కు పేరు ఆ పట్టీలో ఉందో లేదో ఒక్కసారి చూసుకోండి.