నీలి దీపం సొంత కథ

జిల్లా ఆసుపత్రి నవజాత శిశువుల వార్డులో గోడవార నిలబడ్డ ఈ దీపాన్ని డాక్టర్లు ఫొటోథెరపీ యూనిట్ అంటారు, ఆయమ్మలు బ్లూలైటు అంటారు. నాయనమ్మలకు మాత్రం దీని మీద గురి తక్కువ. "ఈపాటి వెలుతురుకు ఇక్కడ పెట్టుకోవడం ఎందుకు సిస్టరమ్మా? ఇంట్లో పొద్దుటెండలో పడుకోబెడితే కామెర్లు పోవూ?"

దీపానికి ఆ మాట మీద కోపం లేదు. దాని వంశం మొదలైంది ఎండలోనే. ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ జీన్ వార్డ్ నెలలు నిండని పిల్లలను ఆరుబయట ఎండకు తీసుకెళ్లేవారు. 1956లో అలాంటి బిడ్డనొకణ్ణి డాక్టర్లకు చూపించారు. ఒళ్లంతా పసుపు తగ్గింది. దుప్పటి మూల కప్పిన చోట మాత్రం ముక్కోణపు పచ్చమచ్చ మిగిలింది. ఆ జాడ పట్టుకుని రిచర్డ్ క్రెమర్ బృందం దీపాలు బిగించిన తొట్టి తయారుచేసి, 1958లో లాన్సెట్ పత్రికలో రాసింది. అయినా లేత చర్మానికి ఎండ పడదు: కమిలిపోతుంది, లేదా ఒళ్లు చల్లబడుతుంది. ఈ దీపం ఇచ్చేది 460 నుంచి 490 నానోమీటర్ల నీలికాంతి ఒక్కటే.

ఇప్పుడు దీని కింద ముప్పై రెండు వారాలకే పుట్టిన బిడ్డ. కళ్లకు గంతలు, ఒంటి మీద డైపరు, ముక్కులో పాలగొట్టం. పచ్చదనం చర్మం మీద ఉంది కనుక చుట్టాల చూపు అక్కడే. దీపం చూపు డైపరు మీద.

కారణముంది. ఎర్ర రక్తకణాలు విరిగితే బిలిరుబిన్ పుడుతుంది. పెద్దల కణాలు సుమారు 120 రోజులు బతికితే, నెలలు నిండని బిడ్డవి అంతకంటే చాలా ముందే రాలిపోతాయి. బిలిరుబిన్‌కు ముడి వేసి నీళ్లలో కరిగేలా మార్చాల్సిన కాలేయం ఇంకా పని నేర్చుకుంటోంది. ఎలాగో మార్చి పైత్యరసంతో పేగులోకి తోసినా పని తీరదు. దాన్ని మలానికి గోధుమరంగునిచ్చే పదార్థంగా మార్చే బాక్టీరియా పుట్టిన కొత్తల్లో పేగులో దాదాపు ఉండవు. పైగా అక్కడి ఎంజైమ్ ఒకటి కాలేయం వేసిన ముడి విప్పేస్తుంది, బిలిరుబిన్ మళ్లీ రక్తంలోకి ఎక్కుతుంది. తారులాంటి తొలి విరేచనం నిండా అదే. నెలలు నిండని బిడ్డ పేగు మందకొడి కనుక అది రోజుల తరబడి లోపలే ఉండిపోతుంది. అక్కడితో ఆగదు. కామెర్లు ముదిరిన బిడ్డ మత్తుగా ఉండి సరిగా పాలు తాగడు, పాలు పడకపోతే పేగు కదలదు. తేనె నాకించడం, పంచదార నీళ్లు పట్టడం ఇక్కడ చేటే. పేగును కదిలించేది తల్లిపాలు, అవీ కొద్దికొద్దిగా, తరచుగా.

దీపం చేసేది చిన్న పనే: చర్మం కింది బిలిరుబిన్ అణువు ఆకారం మార్చడం. మారినది కాలేయం ముడి వేయకుండానే పైత్యరసంలోకి, కొంత మూత్రంలోకి జారిపోతుంది. అందుకే దీపం కింది పిల్లలకు ఆకుపచ్చగా, పల్చగా విరేచనాలవుతాయి. దాన్ని చూసి అజీర్తి అనుకుని కంగారుపడే తల్లులకు సిస్టరు రోజూ చెబుతూనే ఉంటుంది: "పోనీయమ్మా, అదే పోవాలి." ఒంట్లో నీరు తగ్గకుండా మాత్రం బరువు చూస్తూనే ఉంటారు.

మలం సుద్దలా తెల్లగా వస్తే కథ వేరు. పైత్యనాళాలు మూసుకుపోయాయేమోనని అనుమానించాలి. అలాంటి బిడ్డను దీపం కింద పెడితే ఒళ్లు కంచురంగుకు తిరగొచ్చు. నాళాలు మూసుకుపోయాయని తేలితే జపాన్ సర్జన్ మోరియో కసాయ్ 1950ల్లో రూపొందించిన ఆపరేషన్ కావాలి, అదీ రెండు నెలలు నిండకముందే అయితే మేలు.