చేపల పెట్టె లెక్క: టీకా తాత్పర్య సహితం

మూలం: మిన్నీ బేలో 30 డిగ్రీల వాలు దారిపై 20 కిలోల చేపల పెట్టెను సెకనుకు 4 మీటర్ల వేగంతో పైకి తోసి వదిలిరి. ఘర్షణ లేదు. (అ) పెట్టె వాలు వెంట ఎంత దూరం పోయి ఆగును? (ఆ) ఆగిన క్షణమున త్వరణమెంత?

అవతారిక: 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వారి పిల్లలకు పదకొండో తరగతిలో ఎదురయ్యే గండం ఇది.

ప్రతిపదార్థం: మిన్నీ బేలో = పోర్ట్ బ్లెయిర్‌లో, అనగా 2024 నుంచి శ్రీ విజయపురంలో, ఆ పేరుగల పేటయందు; 20 కిలోల = పాదపూరణం, సమీకరణంలో రెండు వైపులా ఉండి కొట్టుకుపోవును; తోసి = క్త్వార్థకం, తోపు ముగిసినదని భావం; వదిలిరి = చేయి తీసివేసిరి; ఘర్షణ లేదు = పరీక్ష రాసేవాడిపై దయ.

అలంకారం: ఘర్షణ లేని దారి అతిశయోక్తి అని కొందరు. వారు ఆ దీవుల్లో వానాకాలం గడపలేదు. మే నెల నుంచి నెలల తరబడి కురిసే వానకు పాచి పట్టిన సిమెంటు మెట్టు మీద కాలు పెట్టినవాడు దీన్ని స్వభావోక్తి అనే అంటాడు. 30 డిగ్రీల వాలు మాత్రం ముమ్మాటికీ అతిశయోక్తే. అంత నిటారు రోడ్డు ఎక్కాలంటే స్కూటరు మొరాయిస్తుంది.

తాత్పర్యం: పెట్టె మీద బలాలు రెండే. భూమి కిందికి లాగుతోంది, రోడ్డు తనకు లంబంగా నెడుతోంది. బరువులో వాలు వెంట పనిచేసే భాగం సగం, కనుక త్వరణం 9.8లో సగం, 4.9, అదీ కిందికి. 4 వర్గం 16. దాన్ని 4.9కి రెట్టింపుతో భాగిస్తే 1.63 మీటర్లు.

విశేషం: ఇక్కడే కుర్రవాడు పైకి మూడో బాణం గీస్తాడు. "పైకి పోతోంది గదండీ మాస్టారూ, పైకి బలం ఉండొద్దా?" ఈ పూర్వపక్షం చిన్నది కాదు. విసిరినవాడు వస్తువులో ఒక ఊపును నింపి వదులుతాడని 14వ శతాబ్దంలో పారిస్‌లో బురిడాన్ వంటి మహాపండితుడే వాదించాడు. అయినా అడగవలసిన మాట ఒక్కటే: నాయనా, ఆ బలాన్ని ఇప్పుడు ఇస్తున్నదెవరు? భూమా, రోడ్డా? తోసినవాడి చేయి "తోసి"తోనే సరి. పెట్టెకున్నది వేగం. దాన్ని నిలబెట్టడానికి బలం అక్కర్లేదని 1687లో న్యూటన్ అచ్చువేయించాడు. మన మెదకు సీమ కోలాచలం మల్లినాథసూరి, మూలంలో లేనిదీ అక్కర లేనిదీ రాయనని ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఆ ఒట్టు బలాల బొమ్మ గీసేవారూ పెట్టుకుంటే మూడో బాణం పుట్టదు. ఇచ్చేవాడు కనబడని బలానికి బొమ్మలో చోటు లేదు.

(ఆ) ప్రశ్నకు సున్న అని రాసేవారే ఎక్కువ. సున్న అయింది వేగం. భూమి ఆ క్షణాన లాగడం మానలేదు, త్వరణం అదే 4.9, అదే కిందికి. అదీ సున్నే అయితే పెట్టె ఆ వాలు మీద శాశ్వతంగా నిలిచిపోవాలి, కింద నుంచున్న మనిషి కాళ్లు తప్పించుకోవలసిన పనే ఉండదు.