హుస్సేనీ ఆలంలో చెవులు మూసుకునే విద్య

హెడ్‌ఫోన్లు ఎలా ఎంచుకోవాలో చెప్పే సలహాలలో ఎక్కువ భాగం, వినేవాడికి ఒక నిశ్శబ్దమైన గది ముందే ఉన్నదనే నమ్మకంతో మొదలవుతాయి. ఆ గదికి తలుపు వేస్తే సరిగా పడుతుంది, పక్కింటి మిక్సీ చప్పుడు పక్కింట్లోనే ఆగుతుంది, వీధి కిటికీలోంచి కనిపిస్తుందే గాని వినిపించదు. చార్మినార్‌కు కూతవేటు దూరంలో, ఖిల్వత్, మూసా బౌలీ, దూద్ బౌలీల పొరుగున ఉన్న హుస్సేనీ ఆలంలో అటువంటి గది దొరకడం కష్టం. ఇక్కడి పాత గల్లీలలో ఇళ్లు ఒకదాని గోడను ఒకటి పంచుకొని నిలబడతాయి కాబట్టి, ఒక ఇంట్లో పెట్టిన పాట నాలుగిళ్లవారూ విన్నట్టే, నాలుగిళ్ల జగడమూ ఆ ఒక్క ఇంటివారు విన్నట్టే లెక్క. అందుచేత ఈ పేటలో సంగీతం మీద మనసుపడి, వినడంతో ఊరుకోక మిక్సింగ్‌కు కూడా, అంటే విడివిడిగా రికార్డయిన గొంతు, డప్పు, కీబోర్డు వంటి వాటి హెచ్చుతగ్గులు సరిచూసి ఒకే పాటగా కలిపే పనికి, దిగినవారెవరైనా చివరికి క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్ దగ్గరికే చేరతారు.

హెడ్‌ఫోన్‌లోని డ్రైవర్ అనే భాగం నిజానికి ఒక చిట్టి స్పీకరు. తీగచుట్టకు అతికించిన పలుచని పొర ఒకటి అయస్కాంతం ముందు కంపిస్తూ, చెవివైపు ఎంత శబ్దం పంపుతుందో వెనకవైపుకూ దాదాపు అంతే పంపుతుంది. ఆ వెనక శబ్దాన్ని జాలీ గుండా గాలిలోకి వదిలేస్తే అది ఓపెన్ బ్యాక్, గట్టి చిప్పతో మూసేస్తే క్లోజ్డ్ బ్యాక్. ఓపెన్ బ్యాక్‌లో పాట విశాలంగా వినిపిస్తుందని తెలిసినవారు మెచ్చుకుంటారు. ఆ మెప్పు న్యాయమైనదే. అయితే జాలీ ఒకవైపు మాత్రమే తెరిచి ఉండే వస్తువు కాదు కనుక, లోపలి పాట బయటికి పోయినంత సులువుగా బయటి ఆటో హారను లోపలికి వస్తుంది. క్లోజ్డ్ బ్యాక్‌లో ఆ చిక్కు తగ్గుతుంది గాని, వెనక శబ్దం చిప్పగోడలకు తగిలి తిరిగి వచ్చి కొన్ని స్వరాలను అక్కరలేకుండా ఉబ్బిస్తుంది కనుక, తయారీదారులు లోపల స్పాంజీ ఫెల్ట్ గుడ్డా కూరుతారు, కొందరు బేస్ కోసం, అంటే కింది స్వరాల కోసం, ఒక సన్నని రంధ్రం కూడా వదులుతారు. మూసినదని పేరు పెట్టి కన్నం ఉంచడం వ్యవహారజ్ఞానమే గాని మోసం కాదు.

ఈ పరికరం చరిత్రలో గృహస్థులు గుర్తుంచుకోదగిన విశేషం ఒకటుంది. 1910 ప్రాంతంలో అమెరికాలోని యూటాలో నథానియెల్ బాల్డ్విన్ అనే ఆయన తన వంటింట్లో కూర్చొని హెడ్‌ఫోన్లు చేతితో తయారుచేసి నౌకాదళానికి అమ్మాడు. ఆ తరువాత 1937లో జర్మనీలో బేయర్ సంస్థ డీటీ 48ను, 1958లో అమెరికాలో జాన్ కాస్ సంగీతం వినడానికే ఉద్దేశించిన స్టీరియో హెడ్‌ఫోన్‌ను తెచ్చారు. వంటింట్లో పుట్టిన వస్తువు ఇప్పుడు ప్రధానంగా వంటింటి పిలుపులు వినపడకుండా చేయడానికే ఉపయోగపడుతున్నదని ఇళ్లలో వినిపించే ఫిర్యాదును పరిశోధకులు ఇంకా పట్టించుకోవలసి ఉంది.

వినపడకుండా చేయడంలో ఈ చిప్పల శక్తి ఎంత అన్నది మరో ప్రశ్న. శబ్దతీవ్రతను డెసిబెల్స్‌లో కొలుస్తారు. పది డెసిబెల్స్ తగ్గితే చెవికి శబ్దం సుమారు సగమైనట్టు తోస్తుంది. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో బయటి శబ్దాన్ని దాదాపు 18 డెసిబెల్స్, సెన్‌హైజర్ హెచ్‌డీ 280 ప్రో గరిష్ఠంగా 32 డెసిబెల్స్ తగ్గిస్తాయని వాటి తయారీదారులు చెబుతారు. ఈ అంకెలు నమ్మదగినవే గాని, అన్ని స్వరాలకూ ఒకేలా వర్తించవు. ఐదువేల హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు ఐదువేలసార్లు కంపించే ఈలవంటి ధ్వనిలో, ఒక తరంగం పొడవు ఏడు సెంటీమీటర్లు మాత్రమే కాబట్టి దాన్ని మెత్తా చిప్పా కలిసి ఆపగలవు. అరవై హెర్ట్జ్ డోలు దెబ్బ తరంగం పొడవు ఐదున్నర మీటర్లు దాటుతుంది కాబట్టి, నాలుగంగుళాల చిప్పను అది అడ్డంకిగా గుర్తించను కూడా గుర్తించదు. హుస్సేనీ ఆలం నివాసి దురదృష్టమేమిటంటే ఈ పేట పండుగలూ పెళ్లిళ్లూ ఈలల మీద కాక డోళ్ల మీద నడుస్తాయి. నిజాముల కాలంలో సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వెంట నగరానికి చేరిన మర్ఫా అనే డోలు వాద్యం, పెళ్లికొడుకు బరాత్ ముందు మోగేటప్పుడు, హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాడికి వీధిలోని మాటలూ హారన్లూ మాయమై మర్ఫా ఒక్కటే మరింత స్పష్టంగా మిగులుతుంది. డబ్బు పోసి కొన్న పరికరం బరాత్‌ను శుద్ధిచేసి వినిపించడం చిన్న ఉపకారం కాదు.

నిజానికి ఈ పరికరం బయటి శబ్దాన్ని ఆపడం కన్నా లోపలి శబ్దాన్ని బయటికి పోనీయకపోవడంలోనే ఎక్కువ రాణిస్తుంది. గాయకుడి చెవిలో మోగే తాళం మైకులోకి కారకుండా ఉండేందుకే స్టూడియోలలో దీన్ని పెట్టుకుంటారు. పాతబస్తీలో అదే గుణం, అర్ధరాత్రి ఒకే బీటును నలభైసార్లు తిప్పి వినే కుర్రవాణ్ణి ఇరుగుపొరుగుల దయకు పాత్రుణ్ణి చేస్తుంది. ఇంట్లోవారి దయ మాత్రం వేరే సంగతి. నల్లా నీళ్లు వచ్చే వేళకు “ఒరేయ్, నల్లా వచ్చింది, మోటరెయ్యి!” అని కింది నుంచి తల్లి పిలిచే పిలుపు, మానవ కంఠస్వరం గనుక, చిప్ప బాగా ఆపగలిగిన స్వరాల కోవలోకే వస్తుంది. మర్ఫాను ఆపలేనిది తల్లిని ఆపగలగడం భౌతికశాస్త్రం చేసిన పక్షపాతం. ఆమె మెట్లెక్కి వచ్చి చిప్పను చెవి మీద నుంచి లాగే పద్ధతికి ఏ తయారీదారూ వారంటీ ఇవ్వడు. చెవులు మూసినప్పుడు సొంత దవడ చప్పుడు ఎముక గుండా పెద్దదై వినిపించడం కూడా సహజమే. ఇరానీ చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్ నములుతూ మిక్సింగ్ చేసేవారు పాటలో లేని డప్పును సరిదిద్దడానికి పూనుకునే అవకాశం ఉంది.

మిక్సింగ్ సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి. ఆషాఢం రాగానే పాతబస్తీలో బోనాల పాటలకు తీన్మార్ దరువు తగిలించి కొత్తగా కలపడం ఒక కుటీర పరిశ్రమ. హరిబౌలి అక్కన్న మాదన్న మహంకాళి గుడి నుంచి ఏనుగు మీద అమ్మవారి ఘటం ఊరేగే నాటికి ఆ పాటలు సిద్ధం కావాలి, కలిపే గది మేడ మీద ఎనిమిదడుగుల మేర, చేతిలో ఉన్నది హెడ్‌ఫోన్. స్పీకర్ల ముందు కూర్చున్నప్పుడు ఎడమ స్పీకరు పలికింది కుడిచెవికీ కొంత చేరుతుంది. హెడ్‌ఫోన్‌లో ఎడమది ఎడమకే, కుడిది కుడికే అందుతుంది కాబట్టి, గజ్జెల్ని ఒక మూలకూ డప్పును మరో మూలకూ తోసి ఆ విడివిడితనానికి మురిసిపోయినవాడు ఆటోలో అదే పాట విని, గజ్జెలు ఏమయ్యాయని వెతుక్కుంటాడు. ఇంతకన్నా పెద్ద చిక్కు బేస్‌తో. చిప్ప మెత్త చెవి చుట్టూ గాలి చొరకుండా అతుక్కుంటేనే, దీన్నే సీల్ అంటారు, కింది స్వరాలు నిలుస్తాయి. కళ్లజోడు కాడ దూరినచోట సన్నని సందు చాలు, డోలు బలహీనపడుతుంది. కళ్లజోడు పెట్టుకున్నవాడు ఆ లోటు తీర్చడానికి పాటలో బేస్ పెంచుతాడు, ఊరేగింపు బండి మీది పెట్టెలు ఆ పెంపును నిజమని నమ్మి వీధి కిటికీలన్నిటినీ వణికిస్తాయి. ఊరేగింపుల్లో డీజేలను 2024లో నగర పోలీసులు నిషేధించారు గనుక ఈ ప్రమాదం కొంత తగ్గింది; ఆ శబ్దకాలుష్యంలో కళ్లజోళ్ల వాటా ఎంతో విచారించినవారు లేరు.

ఇక ఎంపికలో చూడవలసినవి. ఇంపెడెన్స్ అంటే కరెంటుకు డ్రైవర్ చూపే అడ్డు, దాన్ని ఓంలలో చెబుతారు. డీటీ 770 ప్రో 32, 80, 250 ఓంల రకాలలో వచ్చింది; 250 ఓంలదాన్ని నేరుగా ఫోనుకు తగిలిస్తే పాట గుసగుసగా వస్తుంది, వేరే యాంప్లిఫయర్ కావాలి. 1991 నుంచి స్టూడియోలలో మనుగడ సాగిస్తున్న సోనీ ఎండీఆర్ 7506 అనేది 63 ఓంలది, ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ 38 ఓంలది. ఇవి రెండూ ఫోనుతోనే పలుకుతాయి. బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదోవంతో అంతకన్నా ఎక్కువో ఆలస్యంగా చేరుతుంది కనుక వినడానికి సరే, డప్పును తాళంలో కూర్చడానికి పనికిరాదు. బయటి శబ్దానికి ఎదురు శబ్దం పుట్టించి చెరిపే నాయిస్ క్యాన్సిలింగ్ రకాలు మర్ఫా మీద కొంత గెలుస్తాయి గాని, పాట స్వరూపాన్ని తమకు తోచినట్టు దిద్దుతాయి కాబట్టి మిక్సింగ్‌కు వాటిని నమ్మరాదు.

పుస్తకాలు సాధారణంగా చెప్పని అంశం కొబ్బరినూనె. మే నెలలో కరెంటు పోయిన గదిలో చెమట, తలనూనె కలిసి కృత్రిమ తోలు మెత్తల మీద పనిచేస్తే, ఆ తోలు పొరలు పొరలుగా లేచి చెవుల మీద నల్లటి రేకులుగా అంటుకుంటుంది. చూసినవారు చర్మవ్యాధి అనుకొని జాలిపడతారు. కాబట్టి విడి మెత్తలు బజారులో దొరికే రకమా, వెలూర్ గుడ్డ మెత్తలు అమరుతాయా అన్నది డ్రైవర్ ఎన్ని మిల్లీమీటర్లు అన్నదానికన్నా ముందు అడగవలసిన ప్రశ్న. తీగ సంగతీ అంతే. ఎం50ఎక్స్ తీగ ఊడదీసి మార్చుకోవచ్చు, 7506 తీగ తెగితే సోల్డరింగ్ చేయించాలి. 1988 నాటి సెన్‌హైజర్ హెచ్‌డీ 25లో దాదాపు ప్రతి భాగమూ విడిగా దొరుకుతుంది గాని అది చెవిని నొక్కుతుందే తప్ప చుట్టుకోదు.

ఈ వ్యాసకర్త ఉద్దేశంలో క్లోజ్డ్ బ్యాక్‌కు బలమైన సమర్థన సంగీతం కాదు, వినికిడి. 85 డెసిబెల్స్ ధ్వనిని రోజుకు ఎనిమిది గంటలు దాటి వినకూడదని, ప్రతి మూడు డెసిబెల్స్ పెంపుకూ ఆ వ్యవధి సగమవుతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతున్నది. ఆ లెక్కన 94 దగ్గర మిగిలేది ఒక గంట. వీధిని మించి వినడానికి పాటను పెంచుకుంటూ పోయేవాడు ఆ గంటను తెలియకుండానే ఖర్చుపెడతాడు, చిప్ప వీధిని కొంతైనా తగ్గిస్తే పాటను తగ్గించే ఉంచగలుగుతాడు.

కనుక కొనదలచినవారు ఏసీ దుకాణంలోని నిశ్శబ్దంలో తీర్పు చెప్పక, తమ కళ్లజోడు పెట్టుకొని, తమకు కంఠతా వచ్చిన పాటను ఫోనులో తీసుకెళ్లి, వీలైతే దుకాణం గుమ్మం బయట రద్దీలో పెట్టుకొని చూడాలి. సీల్ నిలిచి, అరగంట తరువాత తల నొప్పి పుట్టకపోతే అదే మంచి హెడ్‌ఫోన్, పేరు ఏదైనా కావచ్చు. డబ్బు మిగిలితే అంతకన్నా ఖరీదైనదాని జోలికి పోక, రెండో జత మెత్తలు కొని పెట్టుకోండి. వేసవికి కావలసి వస్తాయి.