పై వచనం జోలికి పోకండి

వాక్యాన్ని రోజువారీ బతుకులోకి తెచ్చుకోవాలని మనలో చాలామందికి ఆశే. వచ్చిన చిక్కల్లా ఒకటే, బైబిలు మరీ పెద్దది. ఆదికాండం నుంచి ఉత్సాహంగా మొదలుపెట్టినవాళ్లు లేవీయకాండంలో కుష్ఠు పరీక్షల దగ్గరికొచ్చేసరికి చల్లబడిపోతారు. అలాంటి విశ్వాసుల సౌకర్యం కోసమే ఈ మార్గదర్శి. ఇందులో చెప్పినట్టు నడుచుకుంటే వాక్యం మీ ఇంటి గోడ మీద, కారు అద్దం మీద, వాట్సాప్ స్టేటస్‌లో ఎప్పుడూ ఉంటుంది. మీ జోలికి మాత్రం రాదు.

ముందు పనిముట్టు సంగతి. ప్రవక్తలుగానీ అపొస్తలులుగానీ తాము రాసినదానికి నంబర్లు వెయ్యలేదు. కొత్త నిబంధనలో ఇప్పుడు మనం చూసే వచనాల నంబర్లు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ఫ్రెంచి ముద్రాపకుడు వేసినవి. వెతుక్కోవడానికి వీలుగా ఉంటుందని ఆయన వేశాడు. కోసుకోవడానికి ఇంకా వీలుగా ఉంటుందని మనం కనిపెట్టాం. పౌలు రాసినవి ఉత్తరాలు. ఇంటికొచ్చిన ఉత్తరాన్ని ఎవరూ నాలుగో పేజీలో పదమూడో వాక్యం ఒక్కటే చదివి పక్కన పెట్టరు. నంబర్లు పడ్డాక మనకు ఆ వెసులుబాటు దొరికింది.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనతో మొదలుపెడదాం. పన్నెండు కొట్టి, కేకు కోశాక, పాస్టరమ్మగారు పళ్లెంలో వాగ్దానం కార్డులు పట్టుకుని వరస వరసకీ వస్తారు. గులాబీ పువ్వో జలపాతమో అచ్చేసిన చిన్న కార్డు. యిర్మీయా 29:11 తగిలిందంటే మీ సంవత్సరం బాగున్నట్టే. దేవుడు మీ గురించి తలపెట్టింది మేలే గాని కీడు కాదని దాని భావం. తెచ్చి ఫ్రిజ్ మీద అంటించండి. దాని పైనున్న పదో వచనం మాత్రం చదవకండి. డెబ్బై ఏళ్లు పడుతుందని అక్కడుంది.

నెబుకద్నెజరు చెరపట్టి బబులోనుకు తోలుకుపోయిన జనానికి యెరూషలేము నుంచి యిర్మీయా పంపిన ఉత్తరం అది. విన్నవాళ్లలో తల నెరిసినవాళ్లెవరూ మళ్లీ సొంత గడప తొక్కబోరనే కదా ఆ లెక్కకు అర్థం. అందాకా ఏం చెయ్యాలో కూడా చెప్పాడు: ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చెయ్యండి, మిమ్మల్ని బందీలుగా ఉంచుకున్న ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి. ఇదంతా కార్డు మీద పట్టదు. పట్టించినా పళ్లెంలోనే మిగిలిపోతుంది.

అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. రెండేళ్లలో అంతా తిరిగొచ్చేస్తారని మందిరంలో అందరి ముందూ ప్రకటించేశాడు. అలా జరిగితే అంతకన్నానా అని యిర్మీయా కూడా ఆమేన్ అన్నాడు పాపం. అలా జరగలేదు. హనన్యా ఆ ఏడాదే పోయాడు. అయినా కార్డులు రాయించాల్సి వస్తే నేను హనన్యాకే పని ఇస్తాను. మార్చిలో వీసా ఇంటర్వ్యూ పెట్టుకున్నవాడికి డెబ్బై ఏళ్ల లెక్క చెప్పే ప్రవక్త దేనికి?

కార్డు నచ్చకపోతే బెంగ వద్దు. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టే పద్ధతి ఉండనే ఉంది. వేలు దినవృత్తాంతాల్లో వంశావళి మీద పడిందా, అది మీ కోసం కాదని గ్రహించి మళ్లీ తెరవండి. మంచి మాట తగిలేదాకా తెరవొచ్చు.

పిల్లల పరీక్షలకు ఫిలిప్పీ 4:13. ఇంటర్ పరీక్షల ముందు ఆదివారం హాల్ టికెట్లు, పెన్నులు ముందు పెట్టించి ప్రార్థన చేయిస్తారు కదా, అప్పుడు పనికొస్తుంది. బలపరచేవాడి వల్ల తాను అన్నీ చెయ్యగలనని పౌలు అన్నది అక్కడే. ఆ అన్నీ ఏమిటో పై వచనంలో ఉంది: కడుపు నిండినా ఉండగలను, పస్తున్నా ఉండగలను అని. సంకెళ్లలో ఉన్న మనిషి మాట అది. ఫిజిక్స్ తప్పినా తట్టుకుంటాను అని అర్థం తేలేట్టుంది. పిల్లవాడికి చెప్పకండి.

ఇలా ఒక్క ముక్క తెంచుకుని వాడే విద్యలో అందరికన్నా ఆరితేరినవాడు మత్తయి నాలుగో అధ్యాయంలో కనిపిస్తాడు. యేసును దేవాలయ శిఖరం ఎక్కించి, దూకు, దూతలు పట్టుకుంటారని లేఖనం చెబుతోంది కదా అంటాడు. తొంభై ఒకటో కీర్తనలో 11, 12 వచనాలు. సరిగ్గా పన్నెండు దగ్గర ఆగాడు. పదమూడో వచనంలో పామును కాళ్ల కింద తొక్కడం గురించి ఉంది మరి. ఎక్కడ ఆగాలో తెలియడమే ఈ విద్యలో సగం.

భర్తలు ఎఫెసీ అయిదో అధ్యాయాన్ని 22తో మొదలుపెట్టి 24తో ముగించాలి. 21లో ఒకరికొకరు లోబడమని ఉంది, 25లో క్రీస్తు సంఘం కోసం ప్రాణం పెట్టినట్టు భార్యను ప్రేమించమని ఉంది. రెండువైపులా ప్రమాదమే. ఎన్నికల సంగతి ఇంకా తేలిక. మనం ఓటేసిన పార్టీ గెలిస్తే అధికారులకు లోబడమనే రోమా 13, ఓడిపోతే మనుషులకన్నా దేవుడికే లోబడాలనే అపొస్తలుల కార్యాలు 5:29.

ఇక దశమభాగం. మలాకీ 3:10 తెలియని విశ్వాసి ఉండడు. పదోవంతు తెచ్చి నన్ను పరీక్షించండి, పట్టనంత దీవెన కుమ్మరిస్తాను అనే చోటు. అదే అధ్యాయంలో అయిదు వచనాలు పైకి వెళ్తే ఒక జాబితా ఉంది. దేవుడు ఎవరెవరి మీద తానే సాక్షిగా నిలబడతాడో అందులో చెప్పాడు. మంత్రగాళ్లు, వ్యభిచారులు, అబద్ధ ప్రమాణాలు చేసేవాళ్లు. వాళ్ల వరసలోనే కూలివాడి కూలి దగ్గర అన్యాయం చేసేవాళ్లు, విధవరాళ్లనీ తండ్రి లేని బిడ్డలనీ బాధపెట్టేవాళ్లు. మైకు ముందు ఈ అయిదో వచనం చదివినవాళ్లు బహు తక్కువ. మీరూ చదవకండి. దశమభాగం కవరు మీద పేరు స్పష్టంగా రాసి నెల మొదటి ఆదివారమే ఇచ్చేయండి. అంట్లు తోమే ఆవిడ జీతం పదో తారీఖుకైనా ఫరవాలేదు. ఆవిడ రాని మూడు రోజులూ లెక్కకట్టి కోసేయండి. ఆ మూడు రోజులూ ఆవిడ ఉపవాస కూడికల్లో మీ వెనక వరసలోనే కూర్చుందన్న సంగతి లెక్కలోకి రాదు.

కానుక పాట ఎత్తుకోగానే కళ్లు మూసుకుని పాడడం మంచిది. తెరిచారంటే రెండు బల్లల అవతల గట్టు తగాదాలో మూడేళ్లుగా మాటల్లేని తమ్ముడు కనిపిస్తాడు. కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి అతనితో సమాధానపడమని మత్తయి 5:23, 24 అంటోంది. నిజంగా అందరూ అదే పని చేస్తే సంచి సగం ఖాళీగా పోతుంది, ఆరాధన మధ్యాహ్నం మూడింటికి గాని అవ్వదు. సంఘ క్రమశిక్షణ కోసమైనా కళ్లు తెరవకండి.

పెళ్లి సంబంధాల ప్రకటన రాసేటప్పుడు మొదట విశ్వాసి అని, తర్వాత బాప్తిస్మం పొందినవారు అని, ఆ తర్వాత కులం రాయాలి. క్రీస్తులో యూదుడనీ గ్రీసువాడనీ లేదన్న గలతీ 3:28 వచనాన్ని పెళ్లి పత్రిక పైన బంగారు అక్షరాల్లో వేయించొచ్చు, అది వేరే సంగతి. గలతీ రెండో అధ్యాయం మాత్రం తెరవొద్దు. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోంచేస్తూ ఉండి, యాకోబు దగ్గర నుంచి మనుషులు వచ్చేసరికి పంక్తిలోంచి లేచి పక్కకు జరిగాడట. పౌలు అందరి ముందూ పేతురును ముఖం మీదే నిలదీశాడు. పేతురంతటివాడికే అన్నం దగ్గర మాట పడింది. మన ఊళ్లో పెళ్లివాళ్లకు ఆ సంగతి గుర్తుచేసి విందు పాడు చేయడం ఎందుకు?

క్రిస్మస్‌కు ఎమ్మెల్యే వస్తున్నారనుకోండి. వేదిక మీద తెల్ల తువ్వాలు కప్పిన కుర్చీ వెయ్యండి. ఆరాధన నడుస్తున్నా ఆపి శాలువా కప్పండి. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి తొంగి చూస్తున్న ముసలమ్మకు, చీర అంచు చిరిగి ఉంటే, గోడ వారన చాప చూపించండి. కొత్తగా పెట్టేదేమీ కాదు ఇది. బంగారు ఉంగరంతో వచ్చినవాడికి మంచి చోటు, మురికి బట్టలవాడికి కాళ్ల దగ్గర చోటు ఇస్తున్నారని యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో అప్పటి సంఘాన్నే తిట్టాడు.

ఈ వ్యాసం కత్తిరించి బైబిల్లో దాచుకోదలచినవారు ప్రకటన గ్రంథం వెనక పటాలున్న చోట పెట్టుకోండి. యాకోబు పత్రిక దగ్గర మాత్రం పెట్టకండి. అది అయిదు అధ్యాయాలే. పొరపాటున పైనుంచి మొదలుపెట్టారంటే ఇరవై నిమిషాల్లో మొత్తం చదివేస్తారు.